గెలుపంతా తొలి అరవై అడుగుల్లోనే!

పావు మైలు... అంటే 402 మీటర్లు. సరుకు మోసే పికప్ బండి ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటుతుంది? అందులో ఒక్క సెకను తగ్గించాలంటే ఏం చేయాలి? ఇంజన్ మార్చాలా, టైర్లు మార్చాలా, డ్రైవర్ని మార్చాలా? అమెరికాలో దీనికోసం ఏళ్ల తరబడి తలలు పగలగొట్టుకుంటున్నారు. వాళ్లకు దొరికిన జవాబులు మన గోదావరి జిల్లాల డ్రైవర్లు వింటే 'ఓస్, ఇంతేనా' అనొచ్చు!

రావులపాలెంలో అరటి గెలలు, కడియంలో పూలమొక్కలు, అంబాజీపేటలో కొబ్బరికాయలు, భీమవరంలో ఐసు పెట్టెల్లో రొయ్యలు. తెల్లారేసరికి వీటన్నిటినీ ఎక్కించుకుని రోడ్డెక్కేది పికప్ బండే. 2005లో టాటా ఏస్ వచ్చాక ఇరుకు పుంత దారుల్లోకి కూడా నాలుగు చక్రాల సరుకు బండి దూరింది. ఇలాంటి బండికి పరుగు పందెం ఏమిటని మనకు నవ్వొస్తుంది. కానీ డ్రాగ్ రేసు అనే ఆటలో పికప్‌లకూ పెద్ద పేరే ఉంది.

ఆట నియమం చాలా చిన్నది. మలుపులుండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం వెలగ్గానే తిన్నగా పావు మైలు పరుగు. ముందు గీత దాటినవాడే విజేత.

గుర్రాల దగ్గర మొదలు

పావు మైలే ఎందుకు? ఈ దూరం మోటారు కంటే పాతది. అమెరికా ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న రోజుల్లో వర్జీనియా ప్రాంతంలో పావు మైలు గుర్రపు పందేలు జరిగేవి. ఆ దూరంలో దూసుకుపోయే జాతికి 'క్వార్టర్ హార్స్' అనే పేరే స్థిరపడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత కార్లకు ఇంజన్లు మార్చి రోడ్ల మీద పందేలు మొదలెట్టారు. ప్రమాదాలు పెరిగాయి, పోలీసులు వెంటపడ్డారు. దాంతో 1950లో శాంటా అనా విమానాశ్రయంలో టికెట్టు పెట్టి పోటీలు నిర్వహించడం మొదలైంది. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. కుర్రాళ్లను రోడ్డు మీద నుంచి ట్రాకు మీదకు తీసుకురావడమే ఆ సంస్థ పెట్టుకున్న మొదటి పని.

సమయం ఎక్కడ పోతోంది?

ట్రాకు మీద బయల్దేరే గీత దగ్గర ఒక స్తంభానికి రంగు దీపాలుంటాయి. దాన్ని 'క్రిస్మస్ ట్రీ' అంటారు. ముందు చక్రం కాంతి కిరణం మీద నుంచి కదిలిన క్షణంలో గడియారం మొదలవుతుంది. అరవై అడుగుల దగ్గర ఒకసారి, సగం దూరంలో ఒకసారి, చివర్లో ఒకసారి సమయం నమోదవుతుంది. పరుగయ్యాక అవన్నీ అచ్చేసిన చీటీ డ్రైవర్ చేతికిస్తారు.

అసలు రహస్యం ఆ చీటీలోనే ఉంటుంది. పావు మైలంటే 1,320 అడుగులు. అందులో అరవై అడుగులంటే ఇరవై రెండో వంతు. కానీ 14 సెకన్లలో పరుగు పూర్తిచేసే బండికి ఆ తొలి అరవై అడుగులకే రెండు సెకన్లు పడతాయి. అంటే మొత్తం సమయంలో ఏడో వంతు! పైగా అక్కడ సెకనులో పదో వంతు మిగిలితే చివరికొచ్చేసరికి అది ఒకటిన్నర నుంచి రెండు రెట్లవుతుందని రేసర్ల అనుభవం. మొదట్లో పుంజుకున్న వేగం చివరిదాకా వెంటొస్తుంది మరి.

ఫెరారీని దాటిన పికప్

ఇందుకు 1991లో ఒక మంచి ఉదాహరణ దొరికింది. జీఎంసీ కంపెనీ ఆ ఏడాది 'సైక్లోన్' అనే పికప్‌ను తెచ్చింది. 4.3 లీటర్ల టర్బో ఇంజను, 280 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ శక్తి. 'కార్ అండ్ డ్రైవర్' పత్రిక దీన్ని ఫెరారీ 348 కారు పక్కన నిలబెట్టింది. పికప్ 14.1 సెకన్లలో గీత దాటింది. ఫెరారీకి 14.5 సెకన్లు పట్టింది.

విచిత్రమేమిటంటే, గీత దాటే క్షణంలో ఎక్కువ వేగంతో ఉన్నది ఫెరారీయే. దానిది గంటకు దాదాపు 159 కిలోమీటర్లు, పికప్‌ది 150. అయినా ఓడిపోయింది. నాలుగు చక్రాలతో నేలను పట్టుకుని ముందుగా కదిలిన పికప్‌ను అందుకోవడానికి పావు మైలు చాల్లేదు. అన్నట్టు ఆ సైక్లోన్ మోయగలిగిన బరువు పావు టన్ను కూడా లేదు. మన ఏస్ ముప్పాతిక టన్ను మోస్తుంది!

వెనక తేలిక... అదే తంటా

పికప్‌లో ఇంజను, క్యాబిన్ ముందుంటాయి. వెనక తొట్టి ఖాళీ. ఎక్కువ పికప్‌లను తోసేది వెనక చక్రాలే. వాటి మీద బరువు లేకపోతే శక్తి ఎంతున్నా టైరు గిర్రున తిరుగుతుందే తప్ప బండి కదలదు. వానాకాలం బురదలో ఖాళీ లారీ జారడం, లోడు లారీ నిలబడి లాగడం మన డ్రైవర్లకు కొత్త కాదు. ఎడ్లబండి తోలిన రైతుకూ ఈ లెక్క తెలుసు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడల మీద పడుతుంది.

మరి తొట్టిలో ఇసుక బస్తాలు వేస్తే? పట్టు పెరుగుతుంది కానీ బరువు పెరిగి పరుగు తగ్గుతుంది. అందుకే తెలివైన మెకానిక్కులు కొత్త బరువు ఎక్కించరు, ఉన్న బరువును జరుపుతారు. ముందున్న బ్యాటరీని వెనక తొట్టి కిందకు మార్చడం అలాంటిదే. వెనక ఉండే పట్టీ స్ప్రింగులు గట్టిగా తొక్కినప్పుడు మెలితిరిగి ఇరుసు ఎగిరెగిరి పడుతుంది. అది కదలకుండా ఇనప కడ్డీలు బిగిస్తారు.

మన బండి మీద లెక్క

ఆంధ్రప్రదేశ్‌లోనే తయారయ్యే పికప్ ఒకటుంది. శ్రీసిటీలో 2016లో మొదలైన ఇసుజు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డీ-మాక్స్ వీ-క్రాస్. 2021లో వచ్చిన 1.9 లీటర్ల డీజిల్ మోడల్ శక్తి 163 హార్స్‌పవర్. డ్రైవరుతో కలిపి బరువు సుమారు రెండు టన్నులు. రేసర్లు వాడే ఒక సూత్రముంది. బరువును శక్తితో భాగించి, వచ్చిన అంకెకు ఘనమూలం తీస్తే పరుగు సమయం దాన్ని బట్టి ఉంటుంది. ఆ లెక్కన ఈ బండికి పావు మైలు దాటడానికి పదిహేడున్నర సెకన్లు పట్టాలి. 16 హార్స్‌పవర్‌తో వచ్చిన తొలి టాటా ఏస్‌కైతే అర నిమిషం దగ్గర.

ఇప్పుడు అదే సూత్రంతో వీ-క్రాస్ బరువు వంద కిలోలు తగ్గించి చూడండి. దాదాపు 0.3 సెకను మిగులుతుంది. శక్తి పది శాతం పెంచితే అర సెకను. సమయం సగానికి సగం తగ్గాలంటే మాత్రం శక్తి ఎనిమిది రెట్లు కావాలి! ఘనమూలం మహిమ అది. అందుకే డబ్బు కుమ్మరించేకొద్దీ ఫలితం పలచబడుతుంది.

ఖర్చు లేనివి ముందు

అనుభవమున్న రేసర్లు పని మొదలెట్టే వరుస ఇదీ. స్టెప్నీ, పనిముట్లు, పైన క్యారేజీ దించేయడం. ట్యాంకులో అవసరమైనంతే ఇంధనం ఉంచడం. శుభ్రమైన ఎయిర్ ఫిల్టర్, జారని క్లచ్. ఆ తర్వాత టైర్లు. వెనక టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే నేలకు ఆనే భాగం పెరుగుతుంది. బయల్దేరే ముందు వాటిని నిలబడ్డచోటే తిప్పి వేడిచేస్తారు, రబ్బరు మెత్తబడి అంటుకుంటుందని. ఇది ట్రాకు మీద చేసే పని. గాలి తక్కువున్న టైరుతో ఎండలో హైవే ఎక్కితే వేడెక్కి పేలిపోయే ప్రమాదముంది.

తర్వాతే గేర్లు, ఇంజను. టర్బో డీజిల్ బండికి తొక్కగానే బలం రాదు. టర్బో తిరగడం అందుకునేదాకా క్షణం పాటు నీరసమే. దాన్ని దాటించేలా ఇంజన్ వేగాన్ని ముందే కొంత పెంచి క్లచ్ వదలడం డ్రైవర్ నేర్పు.

వాతావరణం కూడా ఒక చెయ్యి వేస్తుంది. 20 డిగ్రీల చలిలో ఉన్నంత చిక్కగా 40 డిగ్రీల ఎండలో గాలి ఉండదు. దాదాపు ఆరు శాతం పలచబడుతుంది. ఉక్కపోత ఉంటే ఇంకాస్త. రాజమండ్రి రోహిణీకార్తెలో మనుషులకే కాదు, ఇంజన్లకూ ఆయాసమే.

కరెంటు పికప్‌లు ఈ ఆటను మార్చేశాయి. 2021లో అమెరికాలో వచ్చిన రివియన్ ఆర్‌1టీ మూడు టన్నులకు పైగా బరువుంటుంది. అయినా పరీక్షల్లో 11.6 సెకన్లలో పావు మైలు దాటేసింది. శక్తి 800 హార్స్‌పవర్ పైమాటే. నాలుగు చక్రాలకు నాలుగు మోటార్లు, ఆగి ఉన్నచోటు నుంచే పూర్తి బలం. తొలి అరవై అడుగుల మాటే మళ్లీ రుజువైంది.

గట్టు రోడ్డు ట్రాకు కాదు

ఇంతదాకా చదివి ఇంట్లో కుర్రాడు తాళాలు తీస్తుంటే ఒక్క నిమిషం ఆపండి. పదిహేడున్నర సెకన్ల బండి గీత దాటేటప్పుడు గంటకు 125 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. అంటే సెకనుకు 35 మీటర్లు. బ్రేకు మీదకు కాలు వెళ్లడానికి ఒక సెకను. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో ఆగడానికి మరో 85 మీటర్లు. మొత్తం 120 మీటర్లు. డ్రాగ్ ట్రాకుల్లో గీత తర్వాత ఆగడానికి పొడవాటి ఖాళీ దారి వదులుతారు. కాలవ గట్టు రోడ్డుకు అదెక్కడిది? ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క చేను, ఎదురుగా గేదెలు. కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం టైరు కింద గోళీల్లా జారుతుంది.

చట్టమూ ఊరుకోదు. అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద, 2019 సవరణ ప్రకారం, మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు, 10,000 దాకా జరిమానా. రిజిస్ట్రేషన్ వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి 52వ సెక్షన్ ఒప్పుకోదు. మైనరు నేరం చేస్తే సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు.

నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లకు దారి లేకపోలేదు. దేశంలో మోటారు పోటీలను నడిపించే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ. దాని లైసెన్సుతో ట్రాకు మీద పోటీకి దిగొచ్చు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో మోటారు సైకిళ్ల జాతీయ డ్రాగ్ పోటీలు జరుగుతూ వచ్చాయి. రాజమండ్రి నుంచి అది ఆరువందల కిలోమీటర్ల దూరం. మన జిల్లాల్లో అలాంటి ట్రాకు లేకపోవడమే ఇక్కడి కుర్రాళ్ల కష్టం.

ఏస్ కూడా గెలుస్తుంది!

డ్రాగ్ రేసులో 'బ్రాకెట్' అనే పద్ధతుంది. తన బండికి ఎంత సమయం పడుతుందో డ్రైవరు ముందే చెప్పాలి. నిదానపు బండికి ఆ తేడా మేరకు ముందే దీపం వెలుగుతుంది. ఏస్ 30 సెకన్లని, ఫెరారీ 14 సెకన్లని చెబితే ఏస్ పదహారు సెకన్లు ముందు బయల్దేరుతుంది. చెప్పినదానికంటే తొందరగా గీత దాటినవాడు ఓడినట్టే! ఇక్కడ గెలిచేది ఖరీదైన బండి కాదు, తన బండి సంగతి పూర్తిగా తెలిసిన డ్రైవరు.

కాబట్టి ఇంట్లో కుర్రాడు బండి స్పీడు గురించి అడిగితే కసరకండి. కాగితం, పెన్ను ఇచ్చి ఆ ఘనమూలం లెక్క వేయమనండి. ఆగడానికి పట్టే 120 మీటర్ల లెక్క కూడా అదే కాగితం మీద వేయించండి.