బ్రష్ కట్టర్ కొంటున్నారా? ముందు ఈ లెక్కలు చూడండి

నా ఫోన్ కింద పడలేదు, నీళ్లలో తడవలేదు. నిమ్మనపల్లెలో మా చేలో ట్రైపాడ్ మీద పెట్టి వీడియో తీస్తుంటే, బ్రష్ కట్టర్ బ్లేడుకి తగిలిన గులకరాయి ఎగిరొచ్చి డిస్‌ప్లే పగలగొట్టింది. మిషన్‌కీ ఫోన్‌కీ మధ్య ఐదు మీటర్లు ఉంటుందేమో. ఆ ట్రైపాడ్ పక్కనే మా నాయన నిలబడి ఉన్నాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అందుకే ఈసారి ఫోన్ కాదు, బ్రష్ కట్టర్ గురించి రాస్తున్నా.

బోరు ఎండిపోయి నాలుగేళ్లుగా బీడు పడిన రెండెకరాలు అవి. గరిక, వయ్యారిభామ, లాంటానా పొదలు, గట్ల వెంట సర్కారు తుమ్మ. వానలకు ముందే శుభ్రం చేసి చెనిక్కాయ వేయాలని నాయన తొందర. "అగ్గి పెడితే ఒక పూటలో అయిపోతాది గదరా" అన్నాడు. పక్కనే వేరేవాళ్ల మామిడి తోట. ఎండాకాలం గాలికి మంట గట్టు దాటితే? వద్దన్నాను. బెంగళూరులో కూర్చుని స్పెక్స్ చూసి ఆన్‌లైన్‌లో ఒకటి ఆర్డర్ పెట్టేశా. అక్కడే పొరపాటు జరిగింది.

బ్యాటరీదా, పెట్రోల్‌దా?

నేను మొదట కొన్నది బ్యాటరీ మోడల్. 20 వోల్ట్‌లు, 4 ఆంపియర్ అవర్లు. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఆ 20 వోల్ట్ ఫుల్ చార్జ్‌లో ఉన్నప్పటి నంబర్; అసలు లెక్క 18 వోల్ట్‌లు. రెండు, చూడాల్సింది ఆంపియర్లు కాదు, వాట్ అవర్లు. 18ని 4తో గుణిస్తే 72 వాట్ అవర్లు. మన 5000 ఎంఏహెచ్ ఫోన్‌లో సుమారు 19 ఉంటాయి. అంటే నాలుగు ఫోన్ల బ్యాటరీ కూడా కాదు. పొదలు కొట్టడానికి 500 వాట్‌లు లాగినా తొమ్మిది నిమిషాల్లో ఖాళీ. ఇంటి ముందు గడ్డికి ఓకే, రెండెకరాల కంపకు కాదు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

పెట్రోల్‌లో సీసీ ఒక్కటే చూడొద్దు, కిలోవాట్‌లు చూడండి. హోండా జీఎక్స్35 ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ 35.8 సీసీ, పవర్ సుమారు 1 కిలోవాట్. స్టిల్ ఎఫ్ఎస్ 250 టూ స్ట్రోక్ 40.2 సీసీ, 1.6 కిలోవాట్. సీసీలో తేడా కొంచెమే, పవర్‌లో చాలా. టూ స్ట్రోక్ ప్రతి రౌండ్‌కీ ఒకసారి ఫైర్ అవుతుంది, ఫోర్ స్ట్రోక్ రెండు రౌండ్లకు ఒకసారి.

మరి టూ స్ట్రోకే బెస్టా? దాంట్లో పెట్రోల్‌తో ఆయిల్ కలపాలి. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. మరిచిపోయి ఉత్త పెట్రోల్ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. నేను ఊళ్లో లేనప్పుడు నడిపేది నాయన. అందుకే కొంచెం పవర్ తగ్గినా ఫోర్ స్ట్రోక్ తీసుకున్నా. ఈసారి ఆన్‌లైన్‌లో కాదు, స్పేర్లూ మెకానిక్కూ దొరుకుతారని చూసుకుని మదనపల్లెలోనే కొన్నా.

అసలు పని బ్లేడుదే

గరిక, వయ్యారిభామకు నైలాన్ దారం చాలు. వయ్యారిభామ ఒంటికి పడితే దురద, మాస్కూ ఫుల్ హ్యాండ్సూ తప్పనిసరి. గుబురు పొదలకు మూడు పళ్ల బ్లేడు. బొటనవేలంత కాండానికి రంపం పళ్ల గుండ్రటి బ్లేడు, అదీ మీ మోడల్ మాన్యువల్ ఒప్పుకుంటేనే. మా చేలో రాళ్లెక్కువ. నేల దగ్గర మెటల్ బ్లేడు తిప్పడమే నా ఫోన్ ప్రాణం తీసింది. ఇప్పుడు జానెడు ఎత్తులో కోసి, మిగిలింది మచ్చుకత్తితో కొడుతున్నాం.

మిషన్ చేయలేని పని

సర్కారు తుమ్మను 1870ల్లో వంటచెరకు కోసం మన దేశానికి తెచ్చారు. కోసేకొద్దీ మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది. లాంటానా కూడా అంతే. కోయడం వేరు, శుభ్రం చేయడం వేరు. గట్టు మీది తుమ్మ మొద్దులకు జేసీబీని గంటల లెక్కన పిలిచాం. పొలం మొత్తం దాంతో గీకిస్తే పైమట్టి పోతుంది, అందుకని గట్టు వరకే. లాంటానా వేళ్లు ఒక వాన పడ్డాక తవ్వితే సులువుగా వస్తాయి.

సేఫ్టీకి కూడా బడ్జెట్ పెట్టండి

కళ్లద్దాలు, ఫేస్ షీల్డ్, ఇయర్ మఫ్స్, మోకాళ్ల దాకా బూట్లు, రెండు భుజాల బెల్ట్. పొదల్లోకి దిగే ముందు కర్రతో అదిలించండి, రక్తపింజర ఉండొచ్చు. మనుషుల్ని కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచండి. ఆ 15 నంబర్ మాన్యువల్‌లో ఉంది. స్పెక్స్ అన్నీ చదివిన నేను, ఆ పేజీ తిప్పేశా.

మూడు ఆదివారాల్లో కోత అయిపోయింది. ఇప్పుడు నేను మిషన్ స్టార్ట్ చేస్తే నాయన చింతచెట్టు కింద కూర్చుంటాడు. దూరం అడుగులతో కొలిచి, అక్కడ మంచం వేసింది నేనే.