కారు కొనే ముందు కాగితం మీద లెక్క



కారు కొనడానికి వెళితే షోరూములో మనల్ని అడిగేది ఒకటే ప్రశ్న, "ఏ రంగు కావాలమ్మా?" అని. ఇంజను సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. మనం సీటు మెత్తగా వుందా, డిక్కీలో పెట్టెలు పడతాయా అని చూసి వచ్చేస్తాం. 2017లో మా యింట్లోనూ అదే జరిగింది. నేను రంగు చెప్పాను, మావారు డీజిలు కారు కొన్నారు. "డీజిలు చవక, లీటరుకు దూరం ఎక్కువ వస్తుంది" అన్నారు. పెట్రోలు కారుకంటే దానికి లక్ష రూపాయలు ఎక్కువ. ఆ లక్షా అమ్మాయి చదువు కోసం నేను నెలనెలా కట్టిన చీటీ డబ్బు.

ఏడాది తిరిగాక ఒకరోజు పద్దుల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నేను చదివింది పదో తరగతే అయినా కూడికలూ తీసివేతలూ వచ్చు కదా! మా కారు నెలకు తిరిగింది 500 కిలోమీటర్లు. ఆయన ఆఫీసుకు స్కూటరు మీదే వెళతారు. కారు పెళ్ళిళ్ళకీ, ఆస్పత్రికీ, పండగకు పుట్టింటికీ. డీజిలువల్ల కిలోమీటరుకు మిగిలేది రూపాయిన్నర. అంటే నెలకు 750, ఏడాదికి 9,000. లక్ష తిరిగి రావడానికి పదకొండేళ్ళు పైనే పడుతుంది! అంతకాలం అమ్మాయి కాలేజీ ఆగుతుందా? ఫీజు కట్టడానికి నా గాజులు బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది. అప్పుడు నేర్చుకున్న పాఠమే ఈరోజు మీతో చెబుతున్నాను.

ఇప్పుడు చిన్న సెడాన్లలో కొత్తగా డీజిలు దొరకదు. 2020 ఏప్రిల్లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాయి. పొగను శుభ్రం చేసే సరంజామా ఖర్చు పెరిగి, మారుతీ అప్పుడే డీజిలు మానేసింది, తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే మానేశారు. ఇక మిగిలినవి పెట్రోలు, సి.ఎన్.జి. డిజైర్, అమేజ్, ఆరా, టిగోర్, ఏది చూసినా పొడవు నాలుగు మీటర్ల లోపే, ఇంజను 1200 సి.సి. లోపే. కారణం పన్ను. ఆ కొలత దాటితే పన్ను ఎక్కువ. లోపలుంటే 2025 సెప్టెంబరు 22 నుంచి జి.ఎస్.టి. 18 శాతమే.

ఇంజన్లన్నీ ఒకే సైజు కదా, మైలేజీలో తేడా ఎందుకు? 2024లో వచ్చిన కొత్త డిజైర్‌కు మూడు సిలిండర్ల ఇంజను. అమేజ్‌కు నాలుగు. సిలిండరు తగ్గితే లోపల ఒరుసుకునే భాగాలు తగ్గుతాయి, ఇంధనం కలిసొస్తుంది. కాకపోతే బండి నిలిచి వున్నప్పుడు అదురు కాస్త ఎక్కువ. కంపెనీ లెక్క ప్రకారం మామూలు గేర్ల డిజైర్ లీటరుకు 24.79 కిలోమీటర్లు, అమేజ్ 18.65 ఇస్తాయి. ఆటోమేటిక్ అయితే పెట్రోలు ఎక్కువ తాగుతుందన్న భయం పాతది. డిజైర్ ఆటోమేటిక్‌కు 25.71, అమేజ్‌కు 19.46 అని రాశారు.

అయితే ఈ అంకెలు మన వీధిలో కొలిచినవి కావండీ. కారును యంత్రపు రోలర్ల మీద నిలబెట్టి, ఒక పద్ధతి ప్రకారం చక్రాలు తిప్పి కొలుస్తారు. అక్కడ అమీర్‌పేట సిగ్నలూ లేదు, మే నెల ఎండా లేదు. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపకుండా నిలబడటమంటే, గిన్నె పెట్టకుండా పొయ్యి వెలిగించి వుంచడమే. దానికి తోడు ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌లో సత్తువ పెట్రోలుకంటే మూడోవంతు తక్కువ, అంచేత మైలేజీ కొంత తగ్గుతుంది. ఊళ్ళో 24 వచ్చే కారు 16 ఇస్తే కంగారు పడకండి.

ఇక సి.ఎన్.జి. డిజైర్‌కు కిలోకు 33.73 అంటారు. ఊళ్ళో 22 వస్తుందనుకుందాం. పెట్రోలు లీటరు 110, గ్యాసు కిలో 96 రూపాయలని లెక్క కోసం వేసుకుందాం. మీరు మీ ఊరి ధర వేసుకోండి. పెట్రోలుకు కిలోమీటరుకు దాదాపు 6 రూపాయల 90 పైసలు, గ్యాసుకు 4 రూపాయల 40 పైసలు. మిగులు రెండున్నర. గ్యాసు కారుకు 90 వేలు ఎక్కువ పెట్టారనుకోండి. నెలకు 500 కిలోమీటర్లు తిరిగేవాళ్ళకు నెలకు మిగిలేది 1,250, డబ్బు వెనక్కి రావడానికి ఆరేళ్ళు. 1,500 తిరిగేవాళ్ళకు 3,750 మిగిలి, రెండేళ్ళలోనే వచ్చేస్తుంది. చూశారా? కారు ఒకటే, లెక్క మాత్రం ఇంటింటికీ వేరు.

డబ్బు ఒక్కటే కాదు. గ్యాసు సిలిండరు డిక్కీలో చోటు తినేస్తుంది. టిగోర్‌లో రెండు చిన్న సిలిండర్లు అడుగున అమర్చి కొంత చోటు మిగిల్చారు. శ్రీశైలం ఘాటు ఎక్కేటప్పుడు పెట్రోలు మీదున్నంత ఊపు వుండదు. మూడేళ్ళకోసారి సిలిండరు పరీక్ష చేయించాలి. బంకు ఎంత దూరం, క్యూ ఎంతసేపు అన్నది ముందే కనుక్కోండి.

మరి మన తిరుగుడు ఎంతో తెలిసేదెలా? ఇప్పుడు కారు వుంటే ట్యాంకు నిండా పోయించి మీటరు అంకె రాసుకోండి. మళ్ళీ నిండా పోయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో చూసి, తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగించండి. అదే మీ అసలు మైలేజీ. కారు లేనివాళ్ళు నెలరోజులు ఆటోలో, బస్సులో ఎక్కడెక్కడికి వెళ్ళారో పాలపద్దు పక్కనే రాయండి. టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి చూపించండి, గాలి తగ్గితే ఏ ఇంజనైనా ఎక్కువ తాగుతుంది.

ఈమధ్య పాత కారు అమ్మేసి మళ్ళీ కొన్నాం. నెల పద్దు చూసి, మామూలు పెట్రోలు కారే చాలని నేనే చెప్పాను. గాజులు కూడా విడిపించుకున్నాం. ఈసారి రంగు మాత్రం మావారినే చెప్పమన్నాను.