మందుకు అలవాటు పడేది ఒళ్లు కాదు: హెచ్‌ఐవీపై అపోహలు – వాస్తవాలు

హెచ్‌ఐవీ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. ఒక్కో వైరస్ రేణువులో దానికి రెండు ప్రతులుంటాయి. ఒక్కో ప్రతిలో సుమారు 9,700 జన్యు అక్షరాలు, 9 జన్యువులు. వాటి నుంచి తయారయ్యేవి 15 ప్రొటీన్లు. గ్యాగ్ జన్యువు వైరస్ లోపలి గుల్లకు, పోల్ ఎంజైములకు, ఎన్వ్ పైపొర మీది ముళ్లకు ఆధారం. మిగిలిన ఆరు జన్యువులు ట్యాట్, రెవ్, విఫ్, వీపీఆర్, వీపీయూ, నెఫ్. మనిషి కణాన్ని లొంగదీసుకోవడంలో వీటిదే పెద్ద పాత్ర. జనంలో తిరిగే అపోహల్లో చాలావాటికి జవాబు ఈ కొద్దిపాటి జన్యువుల్లోనే ఉంది.

దోమకాటుతో హెచ్‌ఐవీ వస్తుందన్న భయం పాతదే. వైరస్ కణంలోకి దూరాలంటే ఎన్వ్ ఇచ్చే జీపీ120 ప్రొటీన్ సీడీ4 అనే గ్రాహకానికి, ఆపైన సీసీఆర్5కో సీఎక్స్‌సీఆర్4కో అతుక్కోవాలి. దోమ కణాల్లో ఆ దారి లేదు. దోమ కడుపులో పడిన వైరస్ అక్కడే అరిగిపోతుంది.

ఇంతకంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇంకొకటి ఉంది. మాత్రలు మింగీ మింగీ ఒంటికి అలవాటైపోతాయని, కొన్నాళ్లు ఆపితే మళ్లీ బాగా పనిచేస్తాయని అనుకోవడం. మందుకు అలవాటు పడేది ఒళ్లు కాదు, మారేది వైరస్. పోల్ జన్యువు నుంచి వచ్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా తిరగరాస్తుంది, కానీ రాసినదాన్ని సరిచూసుకోదు. పాత అడంగల్‌ను మళ్లీ చదవకుండా ఎత్తిరాస్తే సర్వే నంబర్లు ఎలా మారిపోతాయో, వైరస్ వంశంలోనూ అలాగే తప్పులు చేరుతుంటాయి. వైద్యం లేని మనిషిలో రోజుకు వెయ్యి కోట్ల స్థాయిలో కొత్త రేణువులు పుడతాయి. అందుకే ఒకే ఒంట్లో ఒక్క వైరస్ కాదు, కొద్దికొద్ది తేడాలున్న వైరస్‌ల గుంపు ఉంటుంది. ఆ తేడాల్లో చాలావరకు వైరస్‌కే చేటు. ఏ ఒక్కటైనా మందును తప్పించుకునేలా ఉంటే, మందు చాలీచాలకుండా ఉన్న రోజుల్లో అదే పైచేయి సాధిస్తుంది.

రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌లో 184వ స్థానంలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ వస్తే చాలు, లామివుడిన్ అనే మందుకు వైరస్ లొంగదు. 103వ స్థానంలో లైసిన్ పోయి ఆస్పరజిన్ వస్తే నెవిరపిన్, ఎఫావిరెంజ్ రెండూ చేతికి రాకుండా పోతాయి. మొదటి మార్పు వైరస్‌ను కొంత బలహీనపరుస్తుంది కాబట్టి మందు ఆపితే వెనక్కు తగ్గుతుంది. అయినా వైరస్ దాక్కున్న కణాల్లో దాని నకలు మిగిలే ఉంటుంది. అంటే మానేసి మళ్లీ మొదలుపెట్టడం వల్ల పాత పట్టు తిరిగి రాదు. ఎఫావిరెంజ్ ఉన్న మాత్ర విషయంలో మరో చిక్కుంది. ఒక్కసారిగా మానేస్తే తోటి మందులు రక్తంలోంచి ముందే పోయి, ఎఫావిరెంజ్ మాత్రం మరికొన్ని రోజులు ఒంటరిగా నిలుస్తుంది. ఒంటరి మందును తప్పించుకోవడం వైరస్‌కు తేలిక.

అనంతపురం లాంటి కరువు సీమకు ఈ సంగతి దగ్గరిది. వానలు మొహం చాటేసి వేరుశనగ ఎండిపోతే కుటుంబాలు బెంగళూరు దారి పడతాయి. మాత్రల డబ్బా అయిపోయేది అక్కడ, చికిత్స కార్డు ఉండేది ఇక్కడ. మందు మధ్యలో ఆగడం రోగి నిర్లక్ష్యమని తేల్చేయడం అన్యాయం. హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో ముందే చెబితే మరో ఊరి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఉచితం. ఇప్పుడు మొదటి వరస చికిత్సలో ఉన్న డోల్యుటెగ్రవిర్ వైరస్ ఇంటిగ్రేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది. దాన్ని తప్పించుకోవడం పాత మందులంత సులువు కాదు, అలాగని అసాధ్యమూ కాదు. ఈ సీమలోనే విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ, బత్తలపల్లి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి హెచ్‌ఐవీ రోగులకు ఉచితంగా వైద్యం అందించింది. అక్కడి రోగుల వివరాలతో సాగిన విన్సెంట్ ఫెర్రర్ కోహార్ట్ అధ్యయనం, గ్రామీణ భారతంలో ఈ జబ్బు తీరును లోకానికి చూపిన అరుదైన పని.

విదేశీ వైరస్ మీద కనిపెట్టిన మందులు మన వైరస్ మీద పనిచేయవన్నది ఇంకో మాట. అమెరికా, ఐరోపాల్లో ఎక్కువగా ఉన్నది బి ఉపరకం, భారతదేశంలో అత్యధికం సి ఉపరకం. ఎంజైముల కీలక భాగాలు రెండింటిలోనూ దాదాపు ఒకటే కాబట్టి మందులు రెండింటి మీదా పనిచేస్తాయి. తేడాలు లేకపోలేదు. భారతీయ సి రకం ట్యాట్ ప్రొటీన్‌లో 31వ స్థానంలో సిస్టీన్‌కు బదులు సాధారణంగా సెరిన్ ఉంటుంది. దీనివల్ల మోనోసైట్ కణాలను ఆకర్షించే శక్తి ఆ ప్రొటీన్‌కు తగ్గుతుందని బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌లో ఉదయకుమార్ రంగ బృందం 2004లో చూపింది. భారత్‌లో హెచ్‌ఐవీ మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

పదేళ్లయినా జబ్బు రాలేదంటే పరీక్షే తప్పని కొందరు నమ్ముతారు. జబ్బు ఆలస్యమవడానికి వైరస్‌లోని లోపమూ కారణం కావచ్చు. వైరస్ సోకిన కణం పైనుంచి సీడీ4నూ, రోగనిరోధక కణాలకు ఆనవాలు పట్టించే అణువులనూ నెఫ్ ప్రొటీన్ లాగేస్తుంది. ఆస్ట్రేలియాలో ఒకే దాత రక్తం ఎక్కించుకున్న కొందరికి హెచ్‌ఐవీ సోకినా ఏళ్ల తరబడి జబ్బు ముదరలేదు. వారిలోని వైరస్‌లో నెఫ్ భాగం తెగిపోయి ఉందని 1995లో తేలింది. తర్వాత వారిలోనూ కొందరికి సీడీ4 కణాలు, అంటే సీడీ4 గ్రాహకం ఉన్న రోగనిరోధక కణాలు, తగ్గాయి. జబ్బు నెమ్మదించిందంటే వైరస్ లేదని అర్థం కాదు.

కాలం గడిచేకొద్దీ వైరస్ తనంతట మెత్తబడుతుందన్నదీ నిజం కాదు. నెదర్లాండ్స్‌లో బి ఉపరకానికి చెందిన వీబీ అనే రూపాన్ని 2022లో గుర్తించారు. అది సోకినవారిలో, చికిత్సకు ముందు, సీడీ4 కణాలు రెట్టింపు వేగంతో తగ్గాయి. మందులకు మాత్రం అది మామూలుగానే లొంగింది.

పరీక్షలో వైరస్ కనబడలేదంటే నయమైపోయినట్టు కాదు. ఇంటిగ్రేజ్ వైరస్ డీఎన్‌ఏను మనిషి డీఎన్‌ఏలోనే అతికిస్తుంది. నిద్రలో ఉన్న అలాంటి కణాలను మందులు తాకలేవు. మాత్ర ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలోకి వస్తుంది. అయితే కనబడని స్థాయి నిలిచినంత కాలం లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు. ఈ శుభవార్త ఇంకా చాలా ఇళ్లకు చేరలేదు.

భార్యాభర్తలిద్దరికీ హెచ్‌ఐవీ ఉంటే ఇక జాగ్రత్తే అక్కర్లేదని అనుకుంటారు. ఇద్దరి వైరస్‌లూ ఒకటే కావాలని లేదు. ఒకే కణంలో రెండు రకాలు చేరితే, నకలు రాసే ఎంజైము ఒక ఆర్‌ఎన్‌ఏ మీంచి మరోదాని మీదికి దూకి కలగలుపు వైరస్‌ను పుట్టించగలదు. ఒకరి వైరస్ మందులకు లొంగనిదైతే రెండోవారి చికిత్సా దెబ్బతినవచ్చు. రక్తంలో వైరస్ మోతాదు (వైరల్ లోడ్) ఇద్దరికీ తగ్గేదాకా కండోమ్ వాడమని వైద్యులు చెప్పేది ఇందుకే.