తల్లి వైపు నుండి వచ్చే కండరాల నిస్సత్తువ: లంఖణం అందరికీ ఔషధం కాదు

నాలుగు మెట్లు ఎక్కగానే తొడలు పట్టు తప్పడం, కనురెప్పలు వాలిపోవడం, నడివయస్సు రాకముందే చెవుడు, మధుమేహం, అప్పుడప్పుడు మూర్ఛ. ఈ లక్షణాలు ఒకే కుటుంబంలో, అందునా తల్లి వైపు బంధువులలో కనిపిస్తే వాటన్నిటికీ మూలం ఒక్కటే కావచ్చును. ఆధునిక వైద్యులు దానిని మైటోకాండ్రియా వ్యాధి అంటారు.

ఎర్ర రక్తకణాలను మినహాయిస్తే మన శరీర కణాలన్నిటిలోను మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిలు ఉంటాయి. ఆహారసారాన్ని ప్రాణవాయువుతో మండించి శక్తిని పుట్టించేవి ఇవే. ఈ పొయ్యిలు మందగించినప్పుడు అధిక శక్తిని కోరే కండరాలు, నాడులు, మెదడు, గుండె ముందుగా దెబ్బతింటాయి. వీటికి సొంతంగా 37 జన్యువులున్నాయి. అవి తల్లి అండం ద్వారానే బిడ్డకు చేరుతాయి. వాటిలోని లోపాలు వ్యాధికి కారణమవుతాయని 1988లో తొలిసారిగా వెల్లడైంది.

సుశ్రుతుడు పుట్టుకతో సంక్రమించే ఆదిబలప్రవృత్త వ్యాధులను మాతృజములు, పితృజములు అని విభజించాడు. మాంసము, హృదయము తల్లి నుండి కలుగుతాయని చరకుడు పేర్కొన్నాడు. అంతమాత్రాన వారు మైటోకాండ్రియాను ఎరిగియుండిరనడం అతిశయోక్తియే. పైగా ఈ వ్యాధులన్నీ మాతృజములు కావు. కణకేంద్రకంలోని జన్యువుల లోపం వలన కలిగేవి తల్లిదండ్రులిద్దరి నుండీ రావచ్చును. మేనరికపు వివాహాలలో ఆ అవకాశం హెచ్చు.

ఇక ముఖ్య విషయం. జ్వరం రాగానే లంఖణం చేయించడం మన ఇళ్ళలో అలవాటు. ఈ రోగులకు అది ప్రమాదకరం. ఆహారం అందనప్పుడు శరీరం కొవ్వును కరిగించి శక్తిగా మార్చుకోవాలి. ఆ పని జరగవలసినది మైటోకాండ్రియాలోనే. అది సాగక రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకొని, రోగి స్పృహ కోల్పోవచ్చును. క్షీణించినవారికి లంఘనం కాక బృంహణమే తగినదని ఆయుర్వేదమూ చెబుతున్నది. కనుక ఏకాదశి ఉపవాసాలు కూడా వీరికి వద్దు. జావ, పెసరకట్టు, మెత్తని అన్నం వంటివి కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలి. వాంతుల వలన ఏదీ నిలవకపోతే చిట్కాలతో కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్చి గ్లూకోజు ఎక్కించాలి.

అశ్వగంధాది చూర్ణాలు గాని, భస్మాలు గాని జన్యులోపాన్ని సరిదిద్దలేవు. అటువంటి ప్రకటనలను నమ్మి మూర్ఛ మందులు మానరాదు. అయితే మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ కొందరిలో కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుంది. జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు తల్లి నుండి వచ్చిన ఒకానొక జన్యులోపం ఉన్నవారిలో శాశ్వత చెవుడు కలిగించగలవు. ఏ మందు మార్చాలన్నా నాడీవైద్యుని సలహా తప్పనిసరి. అలసట రాకుండా క్రమంగా పెంచుకొనే నడక మాత్రం చాలామందికి మేలు చేస్తుంది.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు అమ్మమ్మ, పెద్దమ్మ, పిన్నమ్మ, మేనమామలలో ఎవరికి చెవుడు, మూర్ఛ, చూపు మందగించడం, మధుమేహం ఉన్నవో వ్రాసి తీసుకొని వెళ్ళండి. లోపం మైటోకాండ్రియా జన్యువులదే అయితే, వ్యాధి ఉన్న మేనమామ నుండి ఆయన బిడ్డలకు అది సంక్రమించదు. ఆయన అక్కచెల్లెళ్ళ బిడ్డలకు మాత్రం, తల్లులు ఆరోగ్యంగా కనిపించినప్పటికీ, పరీక్ష అవసరం.