రైతు యాప్‌లో ఏ సదుపాయం ముందు? ప్రాధాన్య నిర్ణయానికి కొన్ని పద్ధతులు

వ్యవసాయ విశ్వవిద్యాలయాలలో, పరిశోధన సంస్థలలో రైతుల కొరకు సాఫ్ట్‌వేర్ రూపొందించడం ఇప్పుడు సాధారణమైంది. యాప్ తయారీకి కమిటీ సమావేశమైనప్పుడు ప్రతి విభాగమూ తన కోరికను జాబితాలో చేరుస్తుంది. కీటక శాస్త్రజ్ఞులు ఫొటో ద్వారా పురుగును గుర్తించే సదుపాయం అడుగుతారు. మృత్తికా శాస్త్రజ్ఞులు ఎరువుల మోతాదు లెక్క కావాలంటారు. విస్తరణ విభాగం వీడియోలు కోరుతుంది. జాబితాలో ఇరవై అంశాలు చేరుతాయి, ప్రోగ్రామర్లు ఇద్దరే ఉంటారు. అన్నింటినీ కొద్దికొద్దిగా మొదలుపెడితే తొలకరి నాటికి ఒక్కటీ పూర్తి కాదు. కనుక ఏది ముందు, ఏది తరువాత, ఏది ఈ సంవత్సరం వద్దు అనే నిర్ణయం ప్రోగ్రామింగ్‌కు ముందే జరగాలి. ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతులు నగర వ్యాపారాల నుండి వచ్చినవి. వాటిలో పంట కాలం లెక్కకు రాదు. దానిని మనమే చేర్చుకోవాలి.

మొదట ప్రతి అంశం ఎదురుగా రెండు ప్రశ్నలు రాయాలి. దీనివలన రైతు తీసుకునే ఏ నిర్ణయం మారుతుంది? ఆ నిర్ణయం ఏ తేదీలోపు జరుగుతుంది? సమాధానం దొరకని అంశాన్ని, ఎంత పెద్దవారు సూచించినదైనా, జాబితా చివరకు పంపవలసిందే. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులతో చేసిన ప్రయోగం దీనికి చక్కని ఉదాహరణ. వాతావరణ సమాచారాన్ని విశ్లేషించి, వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్ఎంఎస్ ద్వారా తెలియజేశారు. రైతు పొలంలో పరికరాలు అమర్చలేదు, స్మార్ట్‌ఫోన్ అవసరం కాలేదు. సూచన పాటించినవారికి సగటున 30 శాతం అధిక దిగుబడి వచ్చినట్లు నిర్వాహకులు ప్రకటించారు. ఒక మండలంలో ఒక్క ఋతువు ఫలితాన్ని అంతటికీ వర్తింపజేయడం సరికాదు. కాని ఖర్చుకు వెనుదీయనవసరం లేని సంస్థలు కూడా విత్తే తేదీ అనే ఒక్క నిర్ణయాన్ని ముందుంచి, దానిని చేరవేయడానికి అతి సాధారణమైన మార్గాన్ని ఎంచుకోవడం గమనించదగినది.

జాబితా వడపోతకు 1994లో డాయ్ క్లెగ్ సూచించిన ‘మాస్కో’ పద్ధతి సులభమైనది. అంశాలను తప్పనిసరి, అవసరం, వీలైతే, ఈసారికి వద్దు అని నాలుగుగా విభజిస్తారు. తప్పనిసరి అంశాలు మొత్తం శ్రమలో 60 శాతం మించరాదన్నది దీనితో పాటు వచ్చే నియమం. మన కమిటీలలో ఎక్కువగా తప్పేది ఇక్కడే: అన్నీ మొదటి గడిలోకి చేరి, నాలుగవ గడి ఖాళీగా మిగులుతుంది.

రైతులను అడిగి తెలుసుకోవడానికి జపాన్ ఆచార్యుడు నోరియాకి కానో 1984లో ప్రతిపాదించిన నమూనా ఉపయోగపడుతుంది. ప్రతి సదుపాయానికి ‘ఇది ఉంటే ఎలా ఉంటుంది?’, ‘లేకపోతే ఎలా ఉంటుంది?’ అని రెండు ప్రశ్నలు వేస్తారు. సిగ్నల్ లేని చోట కూడా యాప్ తెరుచుకోవడం, అక్షరాలు తెలుగులో సరిగా కనబడటం వంటివి ఉన్నాయని ఎవరూ మెచ్చుకోరు. లేకపోతే మాత్రం యాప్‌ను తీసివేస్తారు. ‘మీకు ఏమి కావాలి?’ అని ఒక్క ప్రశ్నతో సరిపెట్టిన సర్వేలో ఇటువంటివి బయటపడవు.

అంకెలతో పోల్చడానికి ఇంటర్‌కామ్ సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ‘రైస్’ సూత్రం ఉంది (వరితో దీనికి సంబంధం లేదు). చేరే మంది సంఖ్యను ప్రభావంతోను, మన నమ్మకంతోను హెచ్చించి, శ్రమతో భాగించాలి. రెండు సదుపాయాలను ఊహించి చూద్దాం. విత్తే సమయ సూచన 4,000 మందికి చేరుతుంది. ప్రభావం 3, నమ్మకం 80 శాతం, శ్రమ నాలుగు మనిషి-నెలలు. విలువ 2,400. మార్కెట్ ధరలు 6,000 మందికి చేరుతాయి. ప్రభావం 1, నమ్మకం 100 శాతం, శ్రమ రెండు మనిషి-నెలలు. విలువ 3,000. సూత్రం ప్రకారం ధరలే ముందు.

ఇప్పుడు క్యాలెండర్ చూడాలి. ఏప్రిల్ 1న ఇద్దరు ప్రోగ్రామర్లు ధరలతో మొదలుపెడితే అది ఆ నెలాఖరుకు, విత్తే సూచన జూన్ నెలాఖరుకు పూర్తవుతాయి. అప్పటికి చాలామంది విత్తనం వేసి ఉంటారు. ఆ సదుపాయం మరుసటి సంవత్సరం వరకు నిరుపయోగం. క్రమం మార్చితే విత్తే సూచన మే చివరకు సిద్ధమవుతుంది. ధరలు జూన్ చివరకు వస్తాయి. వానాకాలం పంట అమ్మకానికి రావడం అక్టోబరులో గనుక రైతుకు నష్టం లేదు. అందువలన ‘ఆలస్యమైతే పోయేదేమిటి?’ అనే గడిని పట్టికలో చేర్చి, ఋతువు దాటిపోయే అంశాలను ముందుగా వేరుచేసిన తరువాతే మిగిలినవాటికి సూత్రం వాడాలి.

సదుపాయానికి ఆధారమైన సమాచారం సిద్ధంగా ఉన్నదా అన్నది మరొక పరీక్ష. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే యాప్‌ను రూపొందించింది. మన ఆహారపదార్థాల పోషక విలువలు అందులో కనబడతాయంటే, వెనుక ఆ సంస్థ 2017లో వెలువరించిన 528 ఆహారపదార్థాల విశ్లేషణ పట్టికలున్నాయి. అటువంటి పట్టికల పరంపర కూనూరులో 1937 నాటి ప్రచురణతో మొదలైంది. అంటే తెర తయారీకి నెలలు చాలినా, ప్రయోగశాల పనికి దశాబ్దాలు పట్టింది. పురుగుల ఫొటో గుర్తింపు కోరే విభాగం వద్ద నిపుణులు నిర్ధారించిన ఫొటోలు తగినన్ని లేకపోతే, ఈ సంవత్సరం ఆ పేరుతో చేయవలసినది ఫొటోల సేకరణ మాత్రమే.

యాప్‌లో మనిషి చేయగల పనిని కొంతకాలం మనిషికే వదలవచ్చు. 2004లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ ‘ఈ-సాగు’ను వరంగల్ జిల్లా మూడు గ్రామాలలో 1,051 పత్తి పొలాలతో ప్రారంభించినప్పుడు, సమన్వయకర్తలు తీసిన పంట ఫొటోలు సీడీలపై కొరియర్‌లో నిపుణులకు చేరేవి. బరువైన ఫొటోలు దారిన వచ్చేవి. తేలికైన సలహా పాఠం మాత్రం ఇంటర్నెట్‌లో తిరిగి వెళ్లేది. ఫొటోలను నేరుగా పంపే సదుపాయం కోసం వేచి ఉంటే ఆ పంట కాలం గడిచిపోయేది.

‘ఈసారికి వద్దు’ అన్న అంశాలను చెరిపివేయరాదు. అడిగిన విభాగం పేరు, వాయిదాకు కారణం, మళ్లీ పరిశీలించే నెల రాసి ఉంచాలి. వానాకాలం యాప్‌కు ఆ సమీక్ష జనవరిలో జరిగితే, జూన్‌కు ముందు ఐదు నెలల పని సమయం చేతిలో ఉంటుంది.