కనిపించని నొప్పికి ఇంటిల్లిపాది వైద్యం

గాయమైతే రక్తం కనిపిస్తుంది. జ్వరం వస్తే ఒళ్ళు కాలుతుంది. నడుము నొప్పికి అటువంటి సాక్ష్యమేదీ లేదు. తొమ్మిదేళ్ళుగా ఆ నొప్పిని భరిస్తున్న నాకు, నొప్పికంటె ఈ సాక్ష్యం లేకపోవటమే ఎక్కువ బాధ కలిగించింది.

ఒకసారి బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళాను. ఆ పూట నొప్పి కాస్త తేలికగా ఉండటంతో అందరితోపాటు తిరిగాను. మర్నాడు మంచం దిగలేకపోయాను. "నిన్న పెళ్ళిలో లేని నొప్పి ఇవాళ వంటింట్లో వచ్చిందా వదినా?" అని మా ఆడపడుచు నవ్వుతూనే అన్నది. ఆ మాట నా మనసులో ముల్లులా నాటుకొన్నది. తిరిగితే నా నొప్పిని ఎవరూ నమ్మరేమోనన్న భయంతో, తేలికగా ఉన్న రోజున కూడా గడప దాటటం మానుకొన్నాను. పేరంటాలు, గుడి, ఇరుగుపొరుగు ఒక్కొక్కటే దూరమయ్యాయి. నిద్ర తగ్గింది, చిరాకు పెరిగింది. నొప్పి బిళ్ళలు ఎక్కువై కడుపులో మంట మొదలైంది.

మా రాజమహేంద్రవరంలోని ఒక వైద్యులు నాడి చూసి, పరీక్షల కాగితాలన్నీ చదివి, చివరకు ఇలా అడిగారు: "నొప్పి వచ్చినప్పటినుండి మీరు మానుకొన్న పనులు ఏమేమిటమ్మా?"

నేను చెబుతూ ఉంటే పక్కనున్న మావారు నివ్వెరపోయి, "ఇవన్నీ నాతో ఎన్నడూ అనలేదే!" అన్నారు. నిజమే. ఎలా ఉందని అడిగితే "బాగానే ఉంది" అనటమో, విసుక్కోవటమో తప్ప నేను విప్పి చెప్పింది లేదు.

చరక సంహిత చికిత్సను 3 విధాలుగా చెప్పిందని వైద్యులు వివరించారు. అవి దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం. ఔషధం, ఆహారం రెండవదానిలోకి వస్తాయి. అహితమైన విషయాలనుండి మనస్సును మరల్చటం మూడవది. ఆధునిక శాస్త్రమూ ఇందుకు దగ్గరగానే ఉన్నది. వెన్నుపాములో నొప్పి సంకేతాలను వదలటానికీ, అడ్డగించటానికీ ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదని 1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. మెదడునుండి వచ్చే సంకేతాలు కూడా ఆ ద్వారంపై పనిచేస్తాయని వారన్నారు. 3 నెలలు దాటి నిలిచిన నొప్పిని దీర్ఘకాలికమైనదిగా పరిగణిస్తారు. దిగులు, భయం, నిద్రలేమి దానిని పెంచుతాయి. అంతమాత్రాన నొప్పి కల్పితమని కాదు. నిజమైన నొప్పికే మనస్సు ఆజ్యం పోస్తుందని అర్థం.

మా ఇంట అలవరచుకొన్న పద్ధతులివి:

1. ఉదయం మావారు ఒక్కసారి అడుగుతారు. సున్నానుండి 10 వరకు ఒక అంకెతో నొప్పి ఎంతో చెబుతాను. ఆపైన రోజంతా ఆ ప్రస్తావన ఉండదు.

2. తేలికగా ఉన్న రోజున పనులన్నీ మీద వేసుకోను. నొప్పి ఎక్కువైన రోజున పూర్తిగా పడుకోను. 15 నిమిషాల పని, కొంత విశ్రాంతి, కొద్ది నడక ఏనాడూ తప్పవు.

3. స్నానానికి ముందు కోడలు గోరువెచ్చని నువ్వులనూనె నడుముకు మృదువుగా మర్దన చేస్తుంది. నూనె చేసే మేలు ఒక ఎత్తు, ఆ కాసేపు మేమిద్దరం చెప్పుకొనే కబుర్లు ఒక ఎత్తు.

4. నొప్పి బిళ్ళలు వైద్యులు చెప్పిన మేరకే వేసుకొంటాను.

కాళ్ళలో బలం తగ్గినా, మలమూత్రాలపై అదుపు తప్పినా, జ్వరంతోగాని బరువు తగ్గటంతోగాని నొప్పి వచ్చినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని చూడాలి.

నా నొప్పి పోలేదు. ఆరేడు చెప్పే అంకె ఇప్పుడు తరచు నాలుగు దగ్గర ఆగుతున్నది. కిందటి కార్తికంలో ఎన్నో ఏళ్ళ తరువాత పుష్కరఘాట్‌కు వెళ్ళాను. మెట్లన్నీ దిగలేక పైమెట్టు మీదనే కూర్చున్నాను. కోడలు నా దీపాన్ని గోదావరిలో వదలటానికి కిందికి వెళ్ళింది. మా ఆడపడుచు తాను దిగబోయి ఆగి, "ఇవాళ అంకె ఎంత వదినా?" అని అడిగి నా పక్కన కూర్చున్నది.