చదువు అనే గోపురానికి ఖర్చు లెక్క వేసుకొన్నామా?



దూలపల్లి అడవి పక్కనుండి మైసమ్మగూడ వెళ్లే దారిలో ఉదయం ఎనిమిది గంటలకు నిలబడితే కాలేజీ బస్సులు ఒకదాని వెనుక ఒకటి పోతూ ఉంటాయి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో తాత అక్షరం ముక్క రాక వేలిముద్ర వేసిన ఇంట్లో ఈనాడు మనుమరాలు ఎం.బి.ఏ. చదువుతున్నది, మనుమడు ఫార్మసీ చదువుతున్నాడు. ఇది దేవుని మేలు. అందుకు స్తోత్రము చెల్లించాలి.

అయితే స్తోత్రముతోపాటు లెక్క కూడా కావాలి. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి, ముగించడానికి కావలసినంత ఉన్నదో లేదో చూసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువే అడిగాడు. పునాది వేసి ఆగిపోయినవాణ్ణి చూచి ఊరు నవ్వుతుంది. రెండో సంవత్సరం ఫీజు కట్టలేక ఇంట్లో కూర్చున్న పిల్లను చూచి మాత్రం ఎవరూ నవ్వరు, ఏడుస్తారు. కాబట్టి పెద్ద చదువులకు ప్రభుత్వం ఇచ్చే సహాయం ఎంత, దానిలో మనకు చెందినది ఎంత, బ్యాంకు అప్పు ఎక్కడివరకు మేలు అనే సంగతులను ఈ నెల కుటుంబ ప్రార్థనలో కూర్చుండి ఆలోచించుకొందాం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే ఫీజు లేదని కాదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2008లో మొదలైన ఈ పథకం పేదవాని బిడ్డకు ఇంజనీరింగ్ కళాశాల గేటు తెరిచింది. ఆ మేలు మరువరానిది. కాని మొదట్లో ఉన్నట్టే ఇప్పుడూ ఉన్నదని చాలామంది తల్లిదండ్రులు అనుకొంటున్నారు.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇంజనీరింగ్ ఫీజు మొత్తం ఇస్తారు. బి.సి. విద్యార్థికి ఎంట్రన్సు ర్యాంకు పదివేల లోపల వస్తేనే పూర్తి ఫీజు. అది దాటితే ఏడాదికి రూ. 35,000 వరకే. కళాశాల ఫీజు లక్ష రూపాయలు అనుకోండి. మిగతా రూ. 65,000 ఇంటి నుండి రావాలి. నాలుగేళ్లకు అది రూ. 2,60,000. బస్సు, హాస్టలు, పుస్తకాలు వేరు. "సీటు వచ్చింది, ఇక ఫికరు లేదు" అని మిఠాయి పంచే ముందు ఈ లెక్కను కాగితం మీద వేసుకోవాలి.

ఇంకా మూడు మాటలు గుర్తుంచుకోండి. మొదటిది, ఈ సహాయం కన్వీనర్ కోటాలో సీటు పొందినవారికే. మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రాదు. రెండవది, హాజరు 75 శాతం ఉండాలి, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం ఉండాలి, ఈపాస్‌లో గడువులోపల దరఖాస్తు పెట్టాలి. మూడవది, ప్రభుత్వం మంజూరు చేసిన సొమ్ము కళాశాలకు చేరడం ఆలస్యమవుతుంది. బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణలోని ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి నిరసన తెలిపాయి. పెద్దల మధ్య లెక్కలు తేలేవరకు నలిగేది విద్యార్థియే. సొమ్ము రాలేదని సర్టిఫికెట్లు పట్టుకొని కూర్చునే కళాశాలలు ఉన్నాయి. విద్యార్థి అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోరాదని యూజీసీ 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది. ఈ సంగతి తెలిసిన తండ్రి తల వంచుకొని వేడుకోనక్కరలేదు, మర్యాదగా కాగితం రాసి అడగవచ్చు.

సర్టిఫికెట్టులో ఒక మాట, సంఘ రిజిస్టరులో ఒక మాట

ఇప్పుడు మన సంఘాలలో అందరికీ తెలిసినా ఎవరూ పైకి మాట్లాడని సంగతికి వద్దాం.

1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులానికి చెందినవాడుగా లెక్కకు రాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను దానిలో చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన తెలుగు నేలమీద ఎస్సీ కులాలనుండి క్రీస్తును నమ్ముకొన్నవారిని, వారి సంతానాన్ని బి.సి.-సి గ్రూపుగా గుర్తించి ఒక శాతం రిజర్వేషను ఇచ్చారు. బాప్తిస్మము తీసుకొన్నంత మాత్రాన ఊరిలో వాడ మారలేదు, బావి దగ్గర చూపు మారలేదు, కూలి రేటు మారలేదు. మారింది ఒక్క కాగితమే. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదికలో ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టవద్దని సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరొక కమిషన్ వేసింది. ఇది అన్యాయమని చెప్పడానికి సంఘానికి హక్కు ఉన్నది, బాధ్యత కూడా ఉన్నది.

ఈ అన్యాయం కారణంగానే మన ఇళ్లలో ఆదివారం ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు నడుస్తున్నాయి. తల్లి కన్నీటితో మోకరించి ప్రార్థన చేస్తుంది. కొడుకు దరఖాస్తులో మతం గడి దగ్గర చెయ్యి వణుకుతుంది. అటువంటి కుటుంబాన్ని రచ్చకెక్కించడం కాపరి పని కాదు, పొరుగు విశ్వాసి పని అసలే కాదు. ఆకలిగా ఉన్నవానికి నీతి బోధించడం సులువు.

అయినా తండ్రివంటి ప్రేమతో రెండు సంగతులు చెప్పవలసి ఉన్నది. ఒకటి, అది ప్రమాదం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీం కోర్టు, క్రైస్తవ విశ్వాసాన్ని ఆచరిస్తూ రిజర్వేషను కొరకు మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అని తీర్పు చెప్పింది. ఈ రోజు స్కాలర్‌షిప్ తెచ్చిన కాగితమే పదేళ్ల తరువాత ఉద్యోగం తీసివేయవచ్చు. రెండవది ఇంకా లోతైనది. పద్దెనిమిదేళ్ల బిడ్డ జీవితంలో పెట్టే మొదటి పెద్ద సంతకం అబద్ధమైతే, ఆ బిడ్డకు మనం ఆదివారపు బడిలో నేర్పినదంతా ఎక్కడ నిలుస్తుంది?

బి.సి.-సి సర్టిఫికెట్టు తీసుకొన్నంత మాత్రాన తలుపులన్నీ మూసుకుపోవు. బి.సి. విద్యార్థిగా ఉపకారవేతనానికి అర్హత ఉన్నది. 1977లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 341 ద్వారా, రిజర్వేషను వంటి చట్టబద్ధ హక్కులు కాని ఇతర ఆర్థిక రాయితీలను క్రైస్తవులైన ఎస్సీలకు కూడా వర్తింపజేసింది. ఆ జీవో నంబరు చేతిలో పెట్టుకొని కళాశాల స్కాలర్‌షిప్ గుమాస్తాను, జిల్లా సంక్షేమ అధికారిని అడగండి. అడగనివానికి అమ్మ అయినా పెట్టదు అని మన పెద్దలు ఊరకనే అనలేదు.

ఆగిపోయిన సహాయాలు, మిగిలిన సహాయాలు

అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు పరిశోధన చదువుల కొరకు కేంద్రం ఇచ్చిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022-23 నుండి నిలిపివేశారు. విదేశీ చదువు అప్పు మీద వడ్డీ భరించిన పఢో పరదేశ్ పథకం కూడా అదే ఏడాది ఆగిపోయింది. క్రైస్తవ విద్యార్థులు ఈ రెండింటికీ అర్హులుగా ఉండేవారు. పాత కరపత్రాలు చూపి "ఇప్పిస్తాం" అని డబ్బు అడిగేవారు వస్తే జాగ్రత్తపడండి.

తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల కొరకు 2015లో మొదలైన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకంలో గరిష్ఠంగా రూ. 20 లక్షలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 5 లక్షలు మించరాదు, డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. అయితే సొమ్ము విద్యార్థి ఆ దేశం చేరిన తరువాత రెండు విడతలుగా వస్తుంది. అంటే విమానం ఎక్కే రోజుకు కావలసిన డబ్బు ముందుగా మనమే చూసుకోవాలి. ఈ మాట తెలియక ఆఖరి వారంలో వడ్డీ వ్యాపారి గడప తొక్కితే చదువు మొదలు కాకముందే పొలం తాకట్టులోకి పోతుంది.

అమెరికాలో మారిన చట్టం

మన సంఘాలలో అమెరికాలో చుట్టాలు లేని ఇల్లు తక్కువ. అక్కడి సంగతి కూడా తెలుసుకోవాలి. అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే విద్యార్థి అప్పులు ఆ దేశపు పౌరులకు, గ్రీన్ కార్డు గలవారికి చెందినవి. ఇక్కడినుండి స్టూడెంటు వీసా మీద వెళ్లే మన పిల్లలకు అవి రావు. "అక్కడికి పోతే గవర్నమెంటు లోను ఇస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మవద్దు.

అక్కడే పుట్టి పెరిగిన మన మేనకోడళ్లకు, మేనల్లుళ్లకు మాత్రం పెద్ద మార్పు వచ్చింది. 2006 నుండి గ్రాడ్ ప్లస్ అనే అప్పు కింద పై చదువుల ఖర్చు ఎంతైతే అంత తీసుకొనే వీలు ఉండేది. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుండి కొత్తగా అప్పు తీసుకొనేవారికి అది లేదు. మాస్టర్స్ వంటి చదువులకు ఏడాదికి 20,500 డాలర్లు, మొత్తం మీద ఒక లక్ష డాలర్లు హద్దు. వైద్యం, న్యాయశాస్త్రం వంటి వృత్తి చదువులకు ఏడాదికి 50,000, మొత్తం రెండు లక్షల డాలర్లు. అప్పటికే కోర్సులో ఉండి అప్పు తీసుకొన్నవారికి మూడేళ్లు లేక కోర్సు ముగిసేవరకు, ఏది తక్కువైతే అంతవరకు పాత పద్ధతి ఉంటుంది.

2025 నవంబరులో అక్కడి విద్యాశాఖ వేసిన కమిటీ అంగీకరించిన వృత్తి చదువుల జాబితాలో దైవశాస్త్రం ఉన్నది, నర్సింగు లేదు. నర్సుల సంఘాలు దీనిమీద గట్టిగా అభ్యంతరం తెలిపాయి. ఎన్ని తెలుగు క్రైస్తవ కుటుంబాలు నర్సు చేతి సంపాదన మీద నిలబడినవో తెలిసిన మనకు ఆ బాధ అర్థమవుతుంది. వాక్యము చెప్పేవాని చదువు, గాయము కట్టేదాని చదువు రెండూ సేవయే గదా! ఇక్కడైనా అక్కడైనా ఒక పాఠం మాత్రం ఒక్కటే. ప్రభుత్వపు సహాయం నది వంటిది. ఒక ఏడు నిండుగా పారుతుంది, ఒక ఏడు ఇసుక తేలుతుంది. దానిమీదనే ఇల్లు కట్టరాదు.

బ్యాంకు అప్పు: ఎంతవరకు?

అప్పు చేయడం పాపమని నేను చెప్పను. చదువు కొరకు బ్యాంకు ఇచ్చే అప్పు చేతి వడ్డీ కంటే వెయ్యి రెట్లు మేలు. బ్యాంకుల మాదిరి విద్యారుణ పథకంలో చదువు కాలము, ఆ తరువాత ఒక ఏడాది గడువు ఉంటుంది. రూ. 7.5 లక్షల వరకు ప్రభుత్వ హామీ నిధి ఉన్నందున ఆస్తి తాకట్టు లేకుండా అప్పు పొందే వీలున్నది. కుటుంబ ఆదాయం రూ. 4.5 లక్షల లోపల ఉండి దేశంలోనే గుర్తింపు పొందిన సంస్థలో వృత్తి, సాంకేతిక కోర్సు చదివేవారికి, ఆ గడువు కాలపు వడ్డీని కేంద్రం భరించే పథకం ఉన్నది. 2024 నవంబరు 6న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం మొదటి జాబితాలో 860 విద్యాసంస్థలు ఉన్నాయి. ఆదాయం రూ. 8 లక్షల లోపలివారికి రూ. 10 లక్షల వరకు అప్పుమీద మూడు శాతం వడ్డీ రాయితీ దానిలో ఉన్నది. మీ బిడ్డ చేరే కళాశాల ఆ జాబితాలో ఉన్నదో లేదో సీటు ఖరారు చేసే ముందే చూడండి.

ఇక లెక్క. రూ. 5 లక్షల అప్పు, ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకొందాం. ఏడాదికి రూ. 50,000. రెండేళ్ల ఎం.బి.ఏ., ఒక ఏడాది గడువు కలిపి మూడేళ్లకు వడ్డీయే రూ. 1,50,000. ఉద్యోగం వచ్చే నాటికి బిడ్డ నెత్తిన రూ. 6,50,000 ఉంటుంది. ఆ కోర్సు చదివి నిరుడు బయటికి వచ్చిన పిల్లలకు నిజంగా ఎంత జీతం వచ్చిందో కళాశాల బోర్డులో కాదు, ఆ పిల్లలనే అడగండి.

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలోని విధవరాలిని గుర్తు చేసుకోండి. ఆమె భర్త ప్రవక్తల శిష్యుడు, దైవభక్తుడు. అయినా అప్పు మిగిలింది. అప్పులవాడు వచ్చి ఇద్దరు కుమారులను దాసులుగా తీసుకుపోతానన్నాడు. భక్తి గల ఇంటికి కూడా అప్పు బాధ వస్తుంది. ఎలీషా ఆమెను నిందించలేదు. నీ ఇంట్లో ఏమున్నది అని అడిగాడు, పొరుగువారి దగ్గర వట్టి పాత్రలు తెమ్మన్నాడు. నూనె దేవుడు ఇచ్చాడు. పాత్రలు మాత్రం పొరుగువారివి.

సంఘము తేవలసిన పాత్రలు

మన తెలుగు సంఘాలలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం ప్రభువు కొరకు తీసిపెట్టే అలవాటు తల్లులు నేర్పారు. ఆ బియ్యంతో ఎన్నో చోట్ల ఉపదేశకుని పోషించారు. ఆ పిడికిలి ఇప్పుడూ పని చేయగలదు. నలభై కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే ఏడాదికి రూ. 48,000. పైన చెప్పిన రూ. 65,000 లోటులో చాలా భాగం తీరుతుంది. లెక్కలు స్త్రీల సమాజం చేతిలో పెట్టి, వార్షిక కూటంలో చదివి వినిపించండి. తీసుకొన్నవారు ఉద్యోగం వచ్చాక వడ్డీ లేకుండా తిరిగి నిధిలో వేయాలి.

డబ్బు లేని సంఘము కూడా ఒక పని చేయవచ్చు. జూన్, జూలై నెలలలో ఒక ఆదివారం ఆరాధన తరువాత, ఈపాస్ దరఖాస్తు, బ్యాంకు కాగితాలు తెలిసిన యౌవనస్థులు ఇద్దరు బల్ల వేసుకొని కూర్చోవాలి. చదువురాని తల్లిదండ్రుల కాగితాలు చూచి, గడువు తేదీలు రాసి ఇవ్వాలి. ఒక్క సంతకం మరచినందున ఏడాది సహాయం పోగొట్టుకొన్న బిడ్డలు మన మధ్యనే ఉన్నారు.

ప్రియులారా, మీ బిడ్డ పై చదువు మాట ఎత్తిన రాత్రి ముందు ప్రార్థన చేయండి. తరువాత దీపం ఆర్పక కాగితము, కలము తీసుకొనండి. ఫీజు ఎంత, సహాయం ఎంత, లోటు ఎంత, అప్పు ఎంత, తీర్చేది ఎవరు అని ఐదు వరుసలు రాయండి. బిడ్డను కూడా పక్కన కూర్చోబెట్టుకొనండి, భారం తెలిసిన బిడ్డ చదువును తేలికగా తీసుకోదు. ఆ కాగితాన్ని దేవుని యెదుట నిజముగా పెట్టండి. కొరత చూచి సిగ్గుపడి దాచకుండ, సంఘముతో చెప్పండి. వట్టి పాత్రలు తెచ్చే పొరుగువారిని ప్రభువు మీ వీధిలోనే ఉంచాడు.